ఊరించు అంగళ్లు

ప్రతి పట్టణమునందును కొన్ని అంగళ్లుండును. వాని ముందునుండి పోవునపుడెల్ల ఒకమారు లోనికి తొంగిచూడవలెనని మనకు బుద్ధిపుట్టును. పోయిన ప్రతిసారియు వట్టిచేతులతోనో, అక్కరలేని వస్తువొకటి సంచిలో వేసికొనియో వెలుపలికి వత్తుము. ఇక ఈ గడప తొక్కరాదని మెట్లు దిగునపుడే నిశ్చయించుకొందుము. నెల తిరుగకమునుపే ఆ అద్దములను, ఆ దీపములను చూడగానే కాలు మరల అటే లాగును. ఇట్టి అంగడి లేని బజారు లేదు. దాని సంగతి యెరుగని సంసారమును లేదు.

ఇందు పలు తెగలు కలవు. ఫలహారశాల యొకటి. గోడమీది పలకపై యాబది పదార్థముల పేర్లు రంగురంగుల అక్షరములతో వ్రాసియుండును. పెసరట్టు అడిగినచో "ప్రొద్దుటే అయిపోయిందండీ" అందురు. ఊతప్పము అడిగినచో "సాయంత్రమేనండీ" అందురు. తుదకు దొరకునవి ఇడ్లీయు, కాఫీయు మాత్రమే. పుస్తకముల అంగడి మరియొకటి. అద్దము వెనుక ఎండకు వెలిసిన అట్టలతో రెండు నవలలు కనబడును. లోన అడుగిడినచో పరీక్షల గైడ్లు, నోటుపుస్తకములు తప్ప వేరేమియు లేవు. హైదరాబాదులో ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలమీద పరచెడి పాతపుస్తకముల కుప్పలకు అద్దములు లేవు, దీపములు లేవు. అయినను అచట వంగి ఓపికతో వెదకినవాడు నిరాశతో తిరిగిపోవుట అరుదు. మెరుపునకును సరకునకును సంబంధము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అయితే అన్నిటిలోను మనలను ఎక్కువగా ఊరించునది, ఎక్కువగా నొప్పించునది చీరల అంగడి. ఇడ్లీతో సరిపెట్టుకొనిన పూట మరునాటికి మరపునకు వచ్చును. పెండ్లికనియో పండుగకనియో కొనిన చీర పెట్టెలో ఏండ్ల తరబడి ఉండి, తీసినపుడెల్ల మనలను నిలదీయును. కాబట్టి నేటి ప్రసంగమున ఆ అంగడినే ముఖ్యముగా తీసికొందము.

మన పాత బట్టలకొట్టు తీరు వేరు. దానికి అద్దపు గదులు లేవు. ఎత్తయిన అరుగు, దానిపై తెల్లదుప్పటి పరచిన పరుపు, వెనుక చెక్కబీరువాలు. వచ్చినవారిని కూర్చుండబెట్టి "పెళ్లికా అమ్మా, పెట్టుపోతలకా?" అని అడిగి, ఆ మాటను బట్టి లోపలినుండి ఒక్కొక్క చీరయే తీసి పరచువారు. వెలుపల చూపి ఊరించినది ఏమియు లేదు గనుక, లోపల ఆశాభంగమునకు చోటు తక్కువ. పాత అంగడివారందరు సత్యసంధులని మా అభిప్రాయము కాదు. చీకటిగదిలో రంగు దాచుటయు, మనిషిని చూచి వెల చెప్పుటయు వారికిని తెలిసిన విద్యలే. అయినను ఆ అంగడి ముందుగా మనకేమియు వాగ్దానము చేయలేదు.

వాగ్దానము చేయునది అద్దపు గది. పెద్దపెద్ద గాజుపలకలు చేయుట తేలికయైన పిదప, పందొమ్మిదవ శతాబ్దమున పశ్చిమదేశముల నగరములలో ఈ పద్ధతి ప్రబలినది. 1909లో లండనులో సెల్ఫ్రిజ్ అను వర్తకుడు గొప్ప అంగడి తెరచి, వ్యాపారము ముగిసిన పిదప గూడ అద్దపు గదులలో దీపములు వెలుగునట్లు ఏర్పాటుచేసెను. తలుపు మూసియున్నను అంగడి పిలుచుచునే యుండును! వియన్నాలో పుట్టి 1938లో అమెరికాకు వలసపోయిన విక్టర్ గ్రూయెన్ అను శిల్పి మొదట న్యూయార్కులో అంగళ్ల ముఖములను తీర్చిదిద్దినవాడు. 1956లో మిన్నెసోటా రాష్ట్రమున తెరచిన సౌత్‌డేల్ మాలునకు నమూనా గీచినదియు ఆయనయే. కొనవచ్చినవాడు తాను దేనికి వచ్చెనో మరచి, కనబడినదెల్ల కోరుచు తిరుగు స్థితికి వర్తకశాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టిరి. తన పేరట వెలసిన ఆ పద్ధతిని చూచి ఆయన పిమ్మట విసుగుచెందెను. మాలులకు తండ్రినన్న మాటను ఒప్పుకొననుగూడ లేదు. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో మనము చూచుచున్న అద్దాల మేడలు ఆ వంశమునకు చెందినవే.

ఈ అద్దపు గది మనలను ఆకర్షించుటలో మంత్రమేమియు లేదు. ఉన్నవి మూడు ఉపాయములు.

మొదటిది ఏకాంతము. విశాలమైన గదిలో ఒక్క చీరయే ఉండును. కంటికి మరియొక పని లేదు గనుక దాని అంచు, దాని కొంగు, దాని మడత అన్నియు నిదానముగా చూచును. లోపల వేయి చీరలు ఒకదానిపై నొకటి పేర్చియుండును. ఒక్కదానిని మెచ్చిన కన్ను వేయింటి నడుమ అలసిపోవును. వస్తువు మారకపోయినను చూపు మారినది.

రెండవది వెలుతురు. పైనుండి పడు దీపము జరీని మెరపించును, నీడలు పట్టును ఒత్తుగా కనుపించునట్లు చేయును. దీపముల కాంతిలో కొన్ని వర్ణములు కొరవడును గనుక, అంగడిలో ఒకే రంగుగా తోచిన చీరయు రవికెగుడ్డయు ఇంటివాకిట రెండు రంగులై నిలుచును. మన అమ్మమ్మలు గుడ్డను చేతబట్టుకొని వాకిలిదాక వచ్చి ఎండలో చూచి గాని బేరమాడెడివారు కారు. అది చాదస్తము కాదు, శాస్త్రము.

మూడవది గుండుసూది. బొమ్మకు తొడిగిన చొక్కా ముందువైపు అచ్చముగా అతికినట్లుండును. వెనుకకు పోయి చూచినవారికి గాని అక్కడ వరుసగా గుచ్చిన సూదుల సంగతి తెలియదు.

ఈ మూడింటిలోను అబద్ధమేమియు లేదని వర్తకులు వాదింతురు. తన సరకును అందముగా చూపుకొనుట వర్తకునకు ధర్మమే. పెండ్లిచూపులనాడు పిల్లకు పాతచీర కట్టువారెవరు? కనుక అద్దమును మేము నిందింపము. అద్దములో చూపినదానిని అడిగినపుడు లోపలివారేమందురో, అదియే పరీక్ష. "అదొక్కటే ఉందండీ, తీయటానికి వీల్లేదు", "ఆ రంగు అయిపోయింది, ఇది చూడండి", "దాని ఖరీదు వేరండీ" అను మూడు సమాధానములలో ఏది వినబడినను, ఆ అద్దపు గది లోపలి అంగడికి ముఖము కాదు, ముసుగు అని గ్రహింపవచ్చును. పైన పటారము, లోన లొటారము అని పెద్దలు అనినది ఇట్టి దానినే.

అప్పుడే లేచి రావచ్చును గదా? రాలేము. మన జాతికి ప్రత్యేకమైన బలహీనత ఒకటి కలదు, దానిపేరు మొగమాటము. కూర్చుండగానే చల్లని పానీయము చేతికిత్తురు. అక్కా అనియో, అమ్మా అనియో పిలుతురు. పిల్లవాడొకడు చెమటోడ్చి నలువది చీరలు విప్పి పరచును. ఇంతగా శ్రమపెట్టి ఏమియు కొనక లేచుట ఎట్లని మనస్సు క్రుంగును. తుదకు నచ్చిన చీర కాక, నచ్చకపోవుట తక్కువగా నున్న చీర కొని వత్తుము. ఆ విప్పుట ఆ పిల్లవాని ఉద్యోగము. దానికి జీతమిచ్చునది యజమాని. మనము ఈయవలసినది మంచిమాట, మర్యాద. అక్కరలేని చీర కొనుట ఆ పిల్లవానికి చేసిన ఉపకారము గాదు.

ఇంతవరకు మనకు కలుగు నష్టము. ఇంతకంటె పెద్ద నష్టము వేరొకరిది. అద్దము మీద "చేనేత" అనియో, "పోచంపల్లి" అనియో, "కలంకారీ" అనియో పెద్ద అక్షరములుండును. అద్దములోని చీర నిజముగా చేనేతయే. లోపలి దొంతరలలో పెక్కు అచ్చువేసిన మరమగ్గపు గుడ్డలు. వెల తక్కువని, చూపునకు ఒకటే యని కొనినవారు సంతోషముగానే ఇంటికి పోవుదురు. వీరికి నిరాశ కలుగలేదు, కలిగిన బాగుండెడిది. ఏలయనగా ఆ నిరాశను వీరికి మారుగా అనుభవించువాడు నేతగాడు.

పోచంపల్లి చీరలో పని ఎట్టిదో చూడుడు. నూలును సాగదీసి, రంగు అంటరాని తావులనెల్ల బిగించి కట్టి, రంగులో ముంచుదురు. ఆరిన పిదప కట్లు విప్పి, వేరొక తావున కట్టి, వేరొక రంగులో ముంచుదురు. ఎన్ని రంగులో అన్ని మారులు. మగ్గమెక్కకమునుపే బొమ్మ అంతయు నూలులో దాగియుండును. పడుగును పేకయు కలిసినపుడు అది బయటపడును. ఈ పనిలో ఇంటిల్లిపాది చేతులును కలియును. అందుచేతనే ఆ చీరకు మంచివైపు, చెడ్డవైపు అను భేదము లేదు. రెండువైపులను ఒకే తీరుగా నుండును. రంగుల అంచులు కత్తితో కోసినట్లు గాక, ఇంచుక చెదరినట్లుండును. అచ్చుగుడ్డ తిరుగవేసి చూచినచో సాధారణముగా రంగు వెలవెలబోవుచుండును. పరీక్షించుటకు పండితులు కానక్కరలేదు. చీరను తిరుగవేసిన చాలును.

నల్లగొండ సీమలోని పుట్టపాకలో నేయు తేలియా రుమాలుకు మరియొక గుర్తు కలదు. నూలును నూనెతో పదనుచేయుదురు గనుక ఆ వాసన గుడ్డను వదలదు. కృష్ణాజిల్లా పెడనలో కొయ్య అచ్చులతో వేయు కలంకారీకిని తనదైన వాసన యున్నది. గుడ్డను కరక్కాయ కషాయములోను పాలలోను నానబెట్టుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట ఊరవేసి నలుపు తీయుదురు. పటిక ఆధారముగా ఎరుపు నిలుపుదురు. పూర్వము ఆ ఎరుపునకు చిరివేరు వాడెడివారు. అట్టి గుడ్డ ముక్కునకు తగిలినపుడు తెలియును. తెరపై పోసిన రసాయనపు రంగులతో యంత్రము దించిన గుడ్డకు ఆ వాసన రాదు. ఇక నూలో కాదో తేలవలెనన్న, అంచుననున్న పోగు నొకదానిని తీసి నిప్పు చూపుడు. నూలు కాగితమువలె కాలి బూడిద యగును. పట్టు వెండ్రుక కాలిన కమురు కొట్టును. పాలిస్టరు కరగి పూసకట్టును.

చట్టములును లేకపోలేదు. కొన్ని రకముల వస్త్రములను చేమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినది. ఊరి పేరును ఆ ఊరి పనితనమునకే కాపాడు భౌగోళిక సూచికల చట్టము 1999లో వెలువడి, 2003 సెప్టెంబరునుండి అమలునకు వచ్చినది. పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ పేర్లు ఆ పట్టికలో చేరినవి. పట్టునకు 2004లో సిల్కుమార్కు, చేనేతకు 2006లో హాండ్లూముమార్కు ఏర్పడినవి. అయితే చట్టము అంగడిలో మనప్రక్క కూర్చుండదు. గుర్తు ఏదని అడుగవలసినది, బిల్లు మీద చేనేత యని వ్రాయుమని కోరవలసినది కొనువారే. వ్రాయుటకు సందేహించు అంగడి తన సంగతి తానే చెప్పుకొనినట్లు.

అచ్చుగుడ్డ అమ్మరాదని, కొనరాదని మేము చెప్పుటలేదు. వంటింటిలో కట్టుటకు, దినదినము ఉతుకుటకు అది చవక, తేలిక. దానిని దాని పేరుతో అమ్మినచో ఎవరికిని అభ్యంతరములేదు. ఒకరి పేరు మరియొకరి సరకునకు తగిలించినపుడే అన్యాయము. వారములు పట్టు పనికి గంటలలో తేలు పని వెలను సూచించి, "ఆ కొట్టులో ఇదే చీర మూడవవంతుకే ఇచ్చినారు" అని మనము నేతగానితో బేరమాడునపుడు, అతడు మగ్గము గుంటనుండి లేచి మరియొక కూలి వెదకికొనును. అతని కుమారుడు ఆ గుంటలోనికి దిగనే దిగడు. తరతరములుగా చేతివ్రేళ్లలో నిలిచిన విద్య ఒక తరములో ఆరిపోవుటకు అంతకంటె ఏమి కావలెను?

కాబట్టి ఇకముందు అట్టి అంగడి పిలిచినపుడు పోవలదని మేమనము. అద్దములు చూచుట ఖర్చులేని వినోదము. పోవునపుడు ఏమి కావలెనో, ఎంతలో కావలెనో ఇంటనే అనుకొని పోవలెను. అద్దములోని చీరనే తీయించి, తిరుగవేసి, వాకిలిదాక తెచ్చి వెలుతురున చూడవలెను. అది ఏ ఊరి నేతయో, ఏ నూలో అడుగవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పు అంగడివాడు దొరికినచో, అతనికి అద్దములు లేకున్నను సరే, మరల మరల అతనియొద్దకే పోవలెను. నచ్చనపుడు "వస్తామండీ" అని నవ్వుచు లేచి వట్టిచేతులతో వచ్చుటలో అవమానమేమియు లేదు. ఆ వట్టిచేతులను చూచి గాని అంగడివారు అద్దములోని సరకును లోపలికి తేరు.