పాలపొడి నిల్వలు - పాడి రైతు ధర
(పాల సంఘాల అధ్యక్షుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఉదయం సంఘంలో పోసే పాలు, చల్లబరచకపోతే సాయంత్రానికి విరిగిపోతాయి. అవే పాలు పొడి అయితే నెలల తరబడి నిల్వ ఉంటాయి, ఓడలెక్కి సముద్రాలు దాటుతాయి. అందుచేతనే ఎక్కడో ఐరోపా గోదాముల్లో పేరుకున్న పొడి ఇక్కడ మన గేదె పాల ధరను తాకగలదు.

1960 దశకం చివర అదే జరగబోయింది. అక్కడ మిగులు పొడి, వెన్న కొండల్లా పెరిగాయి. ఆ సరుకును మన నగరాల్లో కారుచౌకగా గుమ్మరిస్తే పల్లె పాలు అడిగే నాథుడుండడు. డాక్టర్ వర్గీస్ కురియన్ గారు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ మొదటి దశకు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ దానంగా కేటాయించారు. దానిని ఊరికే పంచిపెట్టలేదు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు డెయిరీలకు ధర కట్టి అమ్మారు. ఆ సొమ్ముతో పాల సేకరణకు, శీతలీకరణ కేంద్రాలకు పెట్టుబడి సమకూర్చారు.

అసలు మెలకువ, గోదాము తలుపు ఎప్పుడు తెరవాలన్నదే. వేసవిలో గేదెలు వట్టిపోతాయి, పట్నంలో గిరాకీ మాత్రం తగ్గదు. అప్పుడు పొడి కలిపితే లోటు పూడుతుంది. చలికాలంలో కలిపితే రైతు క్యాను సంఘం గుమ్మం నుంచి వెనక్కి వస్తుంది. ఈ నియమం అన్నిచోట్లా పాటించారని నేననను. డెయిరీలు విదేశీ పొడికి అలవాటుపడ్డాయన్న విమర్శ ఆనాడే వచ్చింది.

ఇప్పుడు పొడి మనదే, చిక్కు కూడా మనదే. వెన్న తీసిన పాలు 100 లీటర్లకు సుమారు 9 కిలోల పొడి వస్తుంది. అమ్ముడుపోని ప్రతి బస్తాలోనూ మీకు చెల్లించిన డబ్బు ఇరుక్కుని ఉంటుంది. తేమ తగిలితే గడ్డకడుతుంది, కనుక ముందు వచ్చిన బస్తాను ముందు పంపాలి. 2017-18లో నిల్వలు పేరుకొని పలు రాష్ట్రాల్లో పాల కొనుగోలు ధర పడిపోయింది.

వీలైతే పొడి చేయకుండా పాలుగానే పంపడం మేలు. 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల రైలు నడిచింది. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్లు పట్టాయి.

ఇందులో మీ పని చిన్నదే. మీ ఊరిలో ఏ నెలలో ఎన్ని గేదెలు ఈనబోతున్నాయో కార్యదర్శిచేత రాయించి ముందుగా పంపండి. ఎన్ని పాలు పొడి చేయాలో, ఎన్ని రైలెక్కించాలో ఆ కాగితం చూసే నిర్ణయించగలం.