ఐరోపాలో విద్యార్థి జీవితం: ఆఖెన్‌లో రెండున్నరేళ్లు



ఈ ప్రసంగంలో మీతో ఐరోపాలో చదువు గురించి మాట్లాడబోతున్నాను. ఐరోపా అంటే నలభైకి పైగా దేశాలు. ఒక్కో దేశం పద్ధతి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అన్నింటి గురించీ చెప్పడం కుదరదు. నేను ఇంజనీరింగులో మాస్టర్స్ చదివింది జర్మనీలో, ఆఖెన్ అనే ఊరిలో. నాకు బాగా తెలిసింది అదే. మీలో ఎక్కువ మంది వెళ్లాలనుకుంటున్నది కూడా ఇప్పుడు ఆ దేశానికే. 2023-24 శీతకాలపు సెమిస్టరు నాటికి జర్మనీలోని విదేశీ విద్యార్థులలో మన దేశం వారి సంఖ్య దాదాపు 49 వేలకు చేరి చైనాను దాటింది. అమెరికా తరువాత మన తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినబడుతున్న పేరు జర్మనీయే.

ఐరోపా చదువు మనకు కొత్తదేమీ కాదు. 1913లో బరంపురం నుంచి ఒక తెలుగు యువకుడు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయనను ఆకర్షించింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఐర్లండు విడిచి వెళ్లమని ప్రభుత్వం ఆదేశించింది. ఆయనే తరువాత మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి. ఆయన కంటే ముందు రాష్ట్రపతిగా ఉన్న జాకిర్ హుస్సేన్ హైదరాబాదులో పుట్టినవారు. 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. సరిగ్గా అదే ఏడాది, కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులయ్యారు. అప్పట్లో వెళ్లినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల నుంచీ, పొలం తాకట్టు పెట్టిన రైతుల ఇళ్ల నుంచీ వెళుతున్నారు. అందుకే ముందు డబ్బు సంగతి చెప్పుకుందాం.

'జర్మనీలో ఫీజు లేదు' అన్న మాట మీరు వినే ఉంటారు. చాలా వరకు నిజమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఎక్కువ చోట్ల బోధన ఫీజు లేదు. ఆరు నెలలకు ఒకసారి కొన్ని వందల యూరోలు సెమిస్టరు రుసుము కట్టాలి. చాలా చోట్ల రైలు, బస్సు పాసు అందులోనే కలిసి ఉంటుంది. అయితే అన్ని రాష్ట్రాలూ ఒకటి కాదు. బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన వంటి దేశాల విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టవలసి వస్తోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 శీతకాలం నుంచి ఫీజు పెట్టింది. ఇక ప్రైవేటు సంస్థల ఫీజులు వేరే లెక్క. కన్సల్టెన్సీ వారు 'జర్మనీలో సీటు' అన్నప్పుడు ఆ సీటు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనా, ప్రైవేటులోనా అని మొట్టమొదట అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

ఫీజు లేకపోయినా బతకడానికి డబ్బు కావాలి కదా. వీసా ఇచ్చే ముందే ఆ డబ్బు చూపించమంటారు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఒక ప్రత్యేక ఖాతాలో జమ చేయాలి. మన లెక్కలో పది లక్షల రూపాయలకు పైనే. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోగలరు. అది మీ డబ్బే, కానీ మీ చేతిలో ఉండదు. నాకు ఈ పద్ధతి నచ్చింది. మొదటి నెలలోనే ఫోనూ, లాప్‌టాపూ కొని ఏప్రిల్‌లో అద్దెకు తడుముకునే పరిస్థితి రాదు. ఇందులో ఆరోగ్య బీమాకే నెలకు 140 యూరోలకు పైగా పోతుంది. బీమా లేనిదే విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయరు.

ఇక చదువు దగ్గరకు వద్దాం. ఎక్కువ సేపు చెప్పవలసింది ఇక్కడే.

ఆఖెన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం 1870లో మొదలైంది. మొదటి రోజు పాఠం పది గంటలకు అని కాగితంలో ఉంది. నేను పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నాను. పదయింది, ఆచార్యుడు లేడు. పదీ పదికి కూడా లేడు. సరిగ్గా పదింబావుకు వచ్చి పాఠం మొదలుపెట్టాడు. సమయం పక్కన 'సి.టి.' అనే రెండు అక్షరాలు ఉంటే పావుగంట తరువాత అని అర్థం. గడియారాలు లేని కాలంలో చర్చి గంట విని విద్యార్థులు నడిచి రావడానికి ఇచ్చిన వెసులుబాటు అట. 'ఎస్.టి.' అని ఉంటే మాత్రం చెప్పిన నిమిషానికే మొదలు. పాఠం అయిపోగానే అందరూ పిడికిలితో బల్లల మీద తట్టారు. ఏదో గొడవ జరుగుతోందనిపించింది. అది అక్కడి చప్పట్లు.

పాఠానికి వెళ్లకపోతే ఏమవుతుంది? చాలా కోర్సులలో ఏమీ కాదు. హాజరు పట్టీ ఉండదు. ఇంటికి ఉత్తరం రాదు. ప్రతి నెలా పరీక్షలు ఉండవు. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నెలకొల్పిన విల్హెల్మ్ ఫన్ హుంబోల్ట్ ఆలోచనలో ఒక ముఖ్యమైన భాగం ఇది. ఆచార్యుడికి బోధించే స్వేచ్ఛ ఉన్నట్లే విద్యార్థికి నేర్చుకునే స్వేచ్ఛ ఉండాలన్నది ఆ ఆలోచన. 1999 బొలోన్యా ఒప్పందం తరువాత ఐరోపా అంతటా డిగ్రీలు ఒక మూసలోకి వచ్చాయి. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క కట్టారు. అయినా ఆ పాత స్వేచ్ఛ ఇంకా మిగిలే ఉంది.

ఇంటర్మీడియట్‌లో ఉదయం ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చుని చదివిన మనకు ఈ స్వేచ్ఛ ప్రమాదకరం. ఎందుకంటే సెమిస్టరు చివర ఒకే ఒక పరీక్ష ఉంటుంది. చాలా సబ్జెక్టులలో మార్కులన్నీ దానికే. అక్కడ 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 అంటే తప్పినట్టు. ఒక పరీక్ష రాయడానికి సాధారణంగా మూడు అవకాశాలు ఇస్తారు. మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. మరో ఊరు వెళ్లి అదే కోర్సులో చేరదామన్నా జర్మనీలో ఎక్కడా చేర్చుకోరు. సప్లిమెంటరీలు ఎన్ని మిగిలినా తరువాత రాసుకోవచ్చనే మన అలవాటు అక్కడ చెల్లదు.

నాతోపాటు గుంటూరు వైపు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. నాన్నగారు రెండెకరాలు తాకట్టు పెట్టి పంపారు. ఆ వడ్డీ తనే కట్టాలని రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి వెళ్లేవాడు. పగలు నిద్ర. ఒక సబ్జెక్టు రెండుసార్లు పోయింది. మూడో పరీక్షకు ముందు ఆరు వారాలు ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. వాళ్లమ్మగారు నాకు ఫోన్ చేసి 'వాడు తింటున్నాడా నాయనా?' అని అడిగేవారు. తింటున్నాడనే చెప్పేవాణ్ణి. చివరికి అతను చేసిన పని ఏమిటంటే, రాత్రి పని మానేసి, ఆ సెమిస్టరులో మిగిలిన రెండు పరీక్షల నుంచి గడువులోగా పేరు వెనక్కి తీసుకుని, ఆ ఒక్కదాని మీదే కూర్చున్నాడు. ఆచార్యుడి సహాయకుడి దగ్గరకు వారం వారం వెళ్లి పాత ప్రశ్నపత్రాలు చేసి చూపించాడు. ఆ సహాయకుడు విసుక్కోకుండా దిద్దేవాడు. అడిగినవారికి చెప్పడం అక్కడ సాధారణమే. అడగనివారి జోలికి మాత్రం ఎవరూ రారు. ఫలితం 4.0 వచ్చింది. ఆ రాత్రి మా వంటింట్లో పులిహోర చేసుకున్నాం. డిగ్రీ ఏడాది ఆలస్యమైంది. పొలం ఇప్పుడు విడిపించుకున్నారు.

చదువుకుంటూ పని చేయకూడదని నేను చెప్పడం లేదు. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. కనీస వేతనం 2025లో గంటకు 12 యూరోల 82 సెంట్లు. విశ్వవిద్యాలయంలోనే ప్రయోగశాలలో సహాయకుడిగా పని దొరికితే అంతకంటే మంచిది లేదు. చదువుకు దగ్గరి పని, రేపు ఉద్యోగానికి చెప్పుకోదగిన పని.

తరువాత భాష. మాస్టర్స్ కోర్సులు ఇంగ్లీషులో ఉండవచ్చు, కానీ ఇంటి యజమాని, ఆసుపత్రి, నగర కార్యాలయం ఇంగ్లీషులో ఉండవు. జర్మన్ కష్టమని భయపెడతారు. తెలుగువాళ్లకు కొన్ని విషయాలలో అది దగ్గరి భాషే. ఉపవాక్యంలో వచ్చే 'ఎర్ హోయిటె కొమ్ట్' అంటే మాటకు మాట 'అతను ఈరోజు వస్తాడు'. పెద్ద వాక్యంలో ఉపవాక్యం వస్తే దాని క్రియ మన తెలుగులోలాగే చివరికి వెళుతుంది. మా తరగతిలో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు దీనితో తంటాలు పడ్డారు, మేం పడలేదు. 'అమ్మాయి' అనే మాట జర్మన్‌లో నపుంసక లింగం అని విని కొందరు నవ్వుతారు. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని ఒకే క్రియ వాడే మనం నవ్వకూడదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. తోటి విద్యార్థి పదేళ్లు పెద్దవాడైనా 'డు' అంటే చాలు. ఆచార్యుడిని, దుకాణదారుని, పోలీసును 'జీ' అనాలి. అంకెలు మాత్రం తిరగేసి చెబుతారు. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు జాగ్రత్త!

ఆఖెన్ చిన్న ఊరు. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దుల మీదే ఉంది. పన్నెండు వందల ఏళ్ల క్రితం షార్లెమాన్ చక్రవర్తి ఇక్కడి నుంచే పాలించాడు. ఆయన కట్టించిన ప్రార్థనా మందిరం 1978లో యునెస్కో తయారు చేసిన మొట్టమొదటి జాబితాలోనే చేరింది. ఊరి మధ్య 50 డిగ్రీలకు పైగా వేడి ఉన్న గంధకపు నీటి ఊటలు ఉన్నాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఇంకో తమాషా. ఆ ఊరివాళ్లు బయట ఎక్కడైనా ఒకరికొకరు కలిస్తే చిటికెన వేలు ఎత్తి చూపిస్తారు. ఒకప్పుడు అక్కడ సూదుల కర్మాగారాలు ఉండేవి. పాడైన సూదులను చిటికెన వేలితో ఏరి పక్కకు నెట్టేవారట. అదే పలకరింపుగా మారింది. బడిలో చిటికెన వేలు ఎందుకు చూపిస్తామో మీకు తెలుసు కనుక, నాకు మొదటిసారి ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కరలేదు.

చలి గురించి అందరూ చెబుతారు. చలిని కోటు ఆపుతుంది. చీకటిని ఏదీ ఆపదు. డిసెంబరులో ఎనిమిదిన్నరకు తెల్లవారి నాలుగున్నరకు పొద్దు గుంకుతుంది. ఆ నెలల్లో గదిలో ఒంటరిగా ఉండకండి. ఆటల క్లబ్బు, పాటల బృందం, కలిసి వండుకోవడం, ఏదో ఒకటి పెట్టుకోండి. తెలుగువారు తెలుగువారితోనే ఉంటారని విమర్శిస్తారు. మొదటి శీతకాలంలో అది తప్పు కాదనే నా అభిప్రాయం. నిద్ర పట్టకపోయినా, తరగతికి వెళ్లబుద్ధి కాకపోయినా విశ్వవిద్యాలయాలలో ఉచితంగా మాట్లాడే సలహాదారులు ఉంటారు. వారి దగ్గరకు వెళ్లడం మార్కుల పత్రంలో ఎక్కడా కనబడదు.

ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నవారికి కొన్ని మాటలు. 2022 నవంబరు నుంచి వీసాకు మన సర్టిఫికెట్లను న్యూఢిల్లీలోని ఏ.పి.ఎస్. కార్యాలయం పరిశీలించి ఇచ్చే పత్రం తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది కనుక అన్నింటికంటే ముందు అదే మొదలుపెట్టండి. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు కొన్ని విశ్వవిద్యాలయాల గడువు మార్చిలోనే ముగుస్తుంది. కోర్సుల వివరాలు 1925లో ఏర్పడిన డి.ఏ.ఏ.డి. సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. హాస్టలు గదికి ప్రవేశం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి, వరుసలో నెలలు గడుస్తాయి. గది దొరికాక రెండు వారాలలోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం చేరేలా టికెట్టు కొనకండి, శుక్రవారమైనా మేలు. అసలు సర్టిఫికెట్లు చేతి సంచీలో పెట్టుకోండి. ఒక చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్లండి, దానికి గాస్కెట్లు రెండు అదనంగా. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవండి, లేకపోతే కప్పుకున్న పొగ గంట మోగి అంతస్తు మొత్తం బయటికి వస్తుంది.