చమురు శిఖరం: గాడిమొగ చెప్పిన పాఠం



కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దల మాట. భూగర్భ చమురు విషయంలో ఆ మాటకు లెక్క కట్టినవాడు కింగ్ హబ్బర్ట్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త. 1956లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో చమురు పరిశ్రమ ప్రముఖుల ఎదుట ఆయన ఒక వక్రరేఖను ఉంచాడు. చమురు ఉత్పత్తి గంట ఆకారంలో పెరిగి, శిఖరం చేరి, క్రమంగా దిగుతుందనీ, అమెరికాలో ఆ శిఖరం 1965-1970 మధ్య రావచ్చుననీ ఆయన అంచనా. సంపదతో తులతూగుతున్నవారికి అది అశుభవాక్యంగా తోచింది. 1970లో ఉత్పత్తి శిఖరాన్ని తాకి దిగనారంభించింది. 1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరా నిలిపినపుడు ఆ లోటును పూడ్చుకొనే శక్తి అమెరికాకు లేకపోయింది.

శిఖరం నాటికి నిక్షేపంలో ఇంచుమించు సగం మిగిలే ఉంటుంది. అయితే తేలికగా అందే సగం ముందే అయిపోతుంది. ఊటలో ఒత్తిడి తగ్గుతుంది, బావిలోకి నీరు చొరబడుతుంది, పీపా చమురు తీయడానికయ్యే వ్యయం పెరుగుతుంది.

హబ్బర్ట్ ఊహించని మలుపూ ఉంది. షేల్ శిలలను నీటి ఒత్తిడితో పగులగొట్టే విధానం వల్ల 2018 నాటికి అమెరికా ఉత్పత్తి 1970 నాటి శిఖరాన్ని మించింది. ఆ బావుల దిగుబడి మాత్రం మొదటి రెండు మూడేళ్ళలోనే వేగంగా పడిపోతుంది. కొత్తవి తవ్వుతూ ఉంటేనే ఉత్పత్తి నిలబడుతుంది.

ఇంత దూరం పోనక్కరలేదు. యానానికి చేరువలోని గాడిమొగను చూస్తే చాలు. కృష్ణా-గోదావరి సముద్రగర్భంలో 2002లో కనుగొన్న సహజవాయువు 2009 ఏప్రిల్‌లో అక్కడ ఒడ్డెక్కి, గొట్టాల ద్వారా గుజరాత్‌లోని భరూచ్ వరకు సాగింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ఆశించారు. 2010లో 6 కోట్లకు పైబడి, ఆపైన తరుగుముఖం పట్టింది. 2020లో ఆ తొలి బావులు మూతపడ్డాయి. ఆ వాయువునే నమ్ముకొని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన విద్యుత్కేంద్రాలు కొన్ని అంతకుముందే ఇంధనం లేక నిలిచిపోయాయి. అప్పు తెచ్చి కట్టిన యంత్రాలకు వడ్డీ మాత్రం నిలవలేదు! 2020 డిసెంబరులో మొదలైన కొత్త క్షేత్రం రెండు కిలోమీటర్లకు మించిన నీటి లోతున ఉన్నది.

బిడ్డలను పెట్రోలియం ఇంజనీరింగులో చేర్పించవచ్చునా అని తల్లిదండ్రులు సందేహిస్తుంటారు. నిరభ్యంతరంగా చేర్పించవచ్చు. లోతైన బావులను నడపడానికీ, ఎండిన బావులను భద్రంగా పూడ్చడానికీ నేర్పరులు కావాలి. ఆ పట్టాతోపాటు విద్యుత్తును నిల్వచేసే శాస్త్రమూ కొంత అబ్బితే, బావి మూతపడిననాడు ఆ బిడ్డ చేతిలో మరొక పని ఉంటుంది.