బరువు చూసే ముందు సున్నా చూడండి

తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో టాపిక్ చాలా చిన్న వస్తువు. అరచేతిలో పట్టేస్తుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది, డబ్బా మీద మాత్రం 0.01 గ్రాము అని గొప్పగా రాసి ఉంటుంది. పాకెట్ కాటా. దీని గురించి కామెంట్లలో పదేపదే వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, వేప్ జ్యూస్ ఇంట్లోనే కలుపుకోవాలి, ఏ కాటా కొనమంటావు?"

ముందు దానికి సూటిగా జవాబు చెప్పేస్తా. ఆ రెసిపీ ఈ ఛానెల్‌లో రాదు. ఈ-సిగరెట్లను మన దేశంలో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్‌తో ఆపేసినారు, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది. తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటన, అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. స్టాకు పెట్టుకున్నా ఆరు నెలల వరకు ఉంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, నికోటిన్ చేత్తో ఆడుకునే వస్తువు కాదు. అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తడిసిన పచ్చి పొగాకు ఆకు కోసే కూలీలకు వాంతులు, తల తిరగడం వస్తాయి. దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని పేరే ఉంది. ఆకు మీది తడికే అట్లా ఉంటే, గాఢంగా తీసిన ద్రవం సంగతి మీరే ఊహించుకోండి. అక్కడ దశాంశ బిందువు ఒక గడి జరిగితే మోతాదు పదింతలు.

కానీ ఆ ప్రశ్నలో ఒక తెలివైన మాట ఉంది. కొలిచి కాదు, తూచి కలపాలి అన్నది. అది నూటికి నూరు పాళ్ళు నిజం. దాన్ని మన ఊరి ఉదాహరణతోనే చూద్దాం.

తిరుమల లడ్డూకి ఒక దిట్టం ఉంది. అంటే ఏ సరుకు ఎంత వెయ్యాలో రాసి పెట్టిన లెక్క. 1950లో టిటిడి దీన్ని ఖరారు చేసింది, 2001లో మార్చింది. ఆ లెక్క ప్రకారం 5,100 లడ్డూలకి శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం కూడండి, 803 కిలోలు. ఇందులో ఒక్క గ్లాసు లేదు, ఒక్క స్పూను లేదు. నెయ్యి కూడా లీటర్లలో లేదు, కిలోల్లోనే ఉంది.

ఎందుకు? స్పూనుతో కొలిస్తే ఆ స్పూనులో ఎంత గాలి ఉందో మనకు తెలీదు. యాలకుల పొడి మెత్తగా దంచితే ఒక బరువు, బరకగా ఉంటే ఇంకో బరువు. ద్రవాలదీ అదే కథ. 100 మి.లీ. నీళ్ళు సుమారు 100 గ్రాములు. 100 మి.లీ. గ్లిజరిన్ 126 గ్రాములు. వంటనూనె 92 దగ్గర ఉంటుంది. పైగా గ్లిజరిన్, తేనె లాంటివి గ్లాసు గోడకి అంటుకుని సగం అక్కడే ఉండిపోతాయి. గిన్నెను కాటా మీదే పెట్టి అందులోకి పోశారనుకోండి, గోడకి అంటినదాంతో మనకు పనే లేదు. గిన్నెలో పడిందే లెక్క.

ఇప్పుడు ఆ దిట్టాన్ని ఇంటికి తెచ్చుకుందాం. మొత్తం సరుకు ఒక కిలో అనుకుంటే చక్కెర 498 గ్రాములు, పిండి 224, నెయ్యి 205, జీడిపప్పు 37, ద్రాక్ష 20, కలకండ 10, యాలకులు 5. పెద్ద సరుకులకి మామూలు వంటింటి కాటా చాలు. యాలకుల దగ్గర మాత్రం అది తడబడుతుంది. ఒక్కో గ్రాము చొప్పున చూపించే కాటా 5 అంటే, నిజంగా అది నాలుగున్నర కావచ్చు, ఐదున్నర కావచ్చు. అక్కడే పాకెట్ కాటా అవసరం వస్తుంది.

సరే, ఇది లోపల ఎట్లా పని చేస్తుందో చూద్దాం. బీటెక్‌లో చదివి మర్చిపోయినవాళ్ళు కూడా వినండి. పళ్ళెం కింద ఒక లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పెడితే అది కంటికి కనపడనంతగా వంగుతుంది. దాని మీద అతికించిన సన్నని తీగల రెసిస్టెన్స్ మారుతుంది, దాంతో వోల్టేజ్ మారుతుంది. అంటే సెన్సర్‌కి గ్రాము అంటే ఏంటో తెలీదు! దానికి తెలిసింది వోల్టేజ్ ఒక్కటే. దాన్ని గ్రాములుగా మార్చడానికి చిప్ మెమరీలో రెండు అంకెలుంటాయి. ఒకటి, ఏమీ పెట్టనప్పుడు ఎంత వస్తుంది. రెండు, తెలిసిన బరువు పెడితే ఎంత పెరుగుతుంది. ఇంటర్‌లో గీసిన సరళరేఖే ఇది. ఎక్కడ మొదలవుతుంది, ఎంత వాలుగా పోతుంది, అంతే. మొదటి అంకె తప్పితే ప్రతి బరువూ ఒకే మొత్తంలో తప్పుతుంది. రెండో అంకె తప్పితే బరువు పెరిగే కొద్దీ తప్పూ పెరుగుతుంది.

మొదటి తప్పుకి మన తిరుమలలోనే ఉదాహరణ ఉంది. 2022 నవంబర్‌లో ఒక వీడియో బాగా తిరిగింది, మీలో చాలామంది ఫార్వర్డ్ కూడా చేసుంటారు. కౌంటర్ దగ్గర లడ్డూని కాటా మీద పెడితే 107 గ్రాములు చూపిస్తోంది. లడ్డూ 160 నుంచి 180 ఉండాలి కదా, భక్తుల్ని మోసం చేస్తున్నారు అని గొడవ. టిటిడి వివరణ ఏంటంటే, ఆ మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడే మైనస్ 70 చూపిస్తోంది అని. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. 107కి 70 కలిపితే 177. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.

ఇంకో దారిలో కూడా చూడొచ్చు. 803 కిలోల్ని 5,100తో భాగిస్తే ఒక్కో లడ్డూకి సరుకే 157 గ్రాములు దాటుతుంది. పాకంలో నీళ్ళు వేరే. అలాంటప్పుడు 107 అని కనిపిస్తే మన బుర్రలో గంట మోగాలి. 50 గ్రాములు ఎక్కడికి పోయినట్టు? సరుకు తగ్గిందా, లేక కాటా తప్పా? అడగడం తప్పు కాదు. కొనేవాడు అడగాలి, అది మన హక్కు. కానీ అడిగే ముందు ఖాళీ పళ్ళెం మీద అంకె చూడటానికి రెండు సెకన్లు పట్టేది. ఆ రెండు సెకన్లు చూడనందుకు లడ్డూ కట్టే చేతుల మీదికి దొంగతనం వచ్చి పడింది.

అందుకే మీ చేతిలో ఏ కాటా ఉన్నా, నమ్మే ముందు ఈ నాలుగు చూడండి.

ఒకటి, సున్నా. గట్టి, సమంగా ఉన్న బల్ల మీద పెట్టండి, ఫ్యాన్ ఆపండి. 0.01 చూపించే కాటాకి ఫ్యాన్ గాలి కూడా బరువే. ఖాళీగా 0.00 రావాలి. గిన్నె పెట్టాక టేర్ నొక్కి మళ్ళీ సున్నా చెయ్యండి. గిన్నె తీసేస్తే మైనస్ వస్తుంది, దాన్ని అట్లాగే వదిలేసి ఇంకోటి తూచొద్దు.

రెండు, తెలిసిన బరువు. 2011 నుంచి వచ్చిన రూపాయి గుర్తున్న 5 రూపాయల నాణెం 6 గ్రాములు. 2019 తర్వాతి కొత్త డిజైన్ వేరే బరువు, రెండూ కలపొద్దు. అరిగిన నాణెం ఒకటి తేడా చెయ్యొచ్చు కాబట్టి పది తీసుకోండి, 60 దగ్గర రావాలి. ఇది చెకింగ్‌కే. కాటాని క్యాలిబ్రేట్ చెయ్యాలంటే మాత్రం అసలు తూకపు రాయే కావాలి.

మూడు, ఒకే వస్తువుని ఐదుసార్లు పెట్టి తీయండి. మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు. అంకె గెంతులు వేస్తుంటే ఆ కాటాతో ముఖ్యమైన పని పెట్టుకోవద్దు.

నాలుగు, చుక్కలు చుక్కలుగా పోస్తున్నారా? కొన్ని చౌక కాటాలు చిన్న చిన్న మార్పుల్ని వణుకు అనుకుని సున్నాలో కలిపేస్తాయి. మీరు పది చుక్కలు వేస్తారు, అది కదలదు. అప్పుడు గిన్నె ఎత్తి మళ్ళీ పెట్టి చూడండి.

ఇంకొకటి, ఇది ఒంటికి సంబంధించింది. 0.01 చూపిస్తుంది కదా అని 0.05 గ్రాము దాని మీద తూచొద్దు. ఒక్క అంకె అటూ ఇటూ అయితేనే ఇరవై శాతం తప్పు. ఇంట్లో లడ్డూల్లో, పాయసంలో పచ్చకర్పూరం వేస్తాం కదా. అది ఎక్కువైతే విషం, చిన్నపిల్లలకి ఫిట్స్ కూడా వస్తాయి. "చిటికెడు" అంటారు, ఎవరి చిటికెడు? నాన్న చిటికెడు వేరు, పాప చిటికెడు వేరు. దారి ఏంటంటే, 1 గ్రాము కర్పూరాన్ని 99 గ్రాముల చక్కెర పొడిలో బాగా నూరి కలపండి. ఆ పొడి 1 గ్రాము తీస్తే అందులో కర్పూరం 0.01 గ్రాము. చిన్న బరువుని పెద్ద బరువులో దాచి తూచడం అంటే ఇదే. డబ్బా మీద పేరు రాసి, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

కొండ కింద సరిచేసిన కాటాని తిరుమలకి తీసుకెళ్తే ఏమవుతుందో తెలుసా? దాదాపు 700 మీటర్లు పైకి పోతాం, భూమి లాగే శక్తి కాస్త తగ్గుతుంది. 100 గ్రాముల మీద 0.01 నుంచి 0.02 గ్రాము తక్కువ చూపిస్తుంది. లడ్డూకి ఇది లెక్కలోకి రాదు, కానీ డబ్బా మీద రాసిన 0.01కి మాత్రం వస్తుంది. అందుకే చోటు మారితే మళ్ళీ సరిచెయ్యాలి.

చివరగా, ఈ పాకెట్ కాటా మీ ఇంటి పనికే. దీంతో వ్యాపారం చెయ్యకూడదు. అంగట్లో కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏడాదికోసారి తనిఖీ జరగాలి. ఈసారి టమాటాకో బంగారానికో పోయినప్పుడు వస్తువు పెట్టక ముందు డిస్‌ప్లే చూడండి. సున్నా లేకపోతే గొడవ వద్దు, "అన్నా, ఒకసారి సున్నా చెయ్యి" అనండి చాలు.

మీ ఇంట్లో కాటా మీద పది నాణేలు పెడితే ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి. తేడా ఎక్కువ వచ్చినవాళ్ళకి క్యాలిబ్రేషన్ ఎట్లా చెయ్యాలో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటాను మరి.