మనుమలతో శబ్దాల ఆట
(సంఘం సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించి, వైద్యబిల్లుల గురించి పెద్దలు మాట్లాడిన తరువాత నన్ను పిల్లల ఆటల మీద మాట్లాడమన్నారు. ఇది చిన్న విషయమని నేననుకోను. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళాక ఇంట్లో మిగిలేది మనమూ, మూడు నాలుగేళ్ళ పసివాడూను. వాడికి మొదటి అక్షరం చెప్పే భాగ్యం చాలా ఇళ్ళలో మనదే.

సాధారణంగా మనం చేసే పని ఏమిటంటే, పలక తెచ్చి వాడి వేలు పట్టుకుని అ, ఆ దిద్దించడం. మూడేళ్ళ వేళ్ళకు బలపం పట్టు కుదరదు. వాడు ఏడుస్తాడు, మనం విసుక్కుంటాం, పలక అంటే భయం మొదలవుతుంది. అదే పిల్లవాడి చెవి మాత్రం అప్పటికే చాలా పదును. "రాముడు" అనలేక "లాముడు" అనే పిల్లవాడి ముందు మీరు "లాముడు" అని చూడండి. "అలా కాదు, లాముడు" అని మిమ్మల్నే సరిదిద్దుతాడు! నాలుక తిరగలేదు గాని చెవికి తేడా తెలుసు. కనుక చేతితో కాక చెవితో మొదలుపెట్టాలి. అక్షరం కంటె ముందు శబ్దం.

ఈ విషయంలో తెలుగు మనకు మేలు చేసింది. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, పలికేది ఒకటి. 'సి' అని నేర్పి 'క్యాట్' అంటాం. 'డబ్ల్యు' పేరు 'డ'తో మొదలవుతుంది, ఆ అక్షరం పలికేదేమో 'వ'. తెలుగులో 'మ' పేరే 'మ'. అయితే మనకూ ఒక చిక్కుంది. 'క' నేర్పుతూ కాకి బొమ్మ చూపిస్తే పిల్లవాడికి వినబడేది 'కా', 'క' కాదు. వాడు విన్నదే నిజం. అందుచేత మొదట్లో కాకి, కాలు, కారు ఒక జట్టుగా, కుక్క, కుర్చీ, కుండ మరో జట్టుగా ఉంచాలి. కాకికీ కుక్కకూ మొదట ఉన్నది ఒకే హల్లు అన్న సంగతి తరువాత గుణింతంతో వస్తుంది. తొందరలేదు.

గోడకు తగిలించే అక్షరాల చార్టుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. 'ఔ' దగ్గర ఔషధం సీసా వేస్తారు. పిల్లవాడు దాన్ని చూసి "మందు" అంటాడు. ఖడ్గం చూసి "కత్తి", ఘటం చూసి "కుండ", ధనుస్సు చూసి "విల్లు" అంటాడు. మనం తల అడ్డంగా ఊపుతాం. పాపం, వాడు చెప్పింది సరైన తెలుగే కదా! ఇక ణ, ళ లతో మొదలయ్యే తెలుగు మాటలే లేవు. వాటిని ఈ ఆటలో వదిలివేయవచ్చు.

చార్టు కంటె కూరల సంచి నయం. బజారునుంచి రాగానే చాపమీద బోర్లించండి. బీరకాయ తీసి, "బీ... బీరకాయ. దీని జట్టు ఏదిరా?" అనండి. బీట్‌రూట్ వెతికి తెస్తాడు. కాకరకాయకు కాలీఫ్లవర్, చిక్కుడుకాయకు చిలగడదుంప, గోరుచిక్కుడుకు గోంగూర. బామ్మ వంటకు కూర్చునేలోపల పదినిమిషాల ఆట. ఇంకొంచెం సరదా ఎక్కినప్పుడు మూడిటిలో ఒకటి జట్టుకానిది పెట్టండి, వాడు దొంగను పట్టుకుంటాడు.

ఇక్కడొక మాట. ఒక ఇంట్లో వేరుశనగలు, మరో ఇంట్లో పల్లీలు, కర్నూలు వైపు బుడ్డలు. కోడలిది ఒక జిల్లా, మనది ఒక జిల్లా అయినప్పుడు పిల్లవాడు ఏ మాట చెప్పినా ఒప్పుకోవాలి. 'ప' అన్నా 'బు' అన్నా గెలిచినట్టే. "మా ఇంట్లో అలా అనరు" అనే తగవు మాత్రం పిల్లవాడి ఆటలోకి తేవద్దు.

శబ్దం పట్టుబడిన తరువాతనే అక్షరం. పాత శుభలేఖలు మన ఇళ్ళలో కట్టలు కట్టలుగా ఉంటాయి. ఆ అట్టలు కత్తిరించి, గరుకు కాగితంతో అక్షరాలు కోసి అంటించండి. వాడు కళ్ళు మూసుకుని చూపుడువేలితో తడుముతూ ఆ శబ్దం పలకాలి. ఇది 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతి. ఆమె కూడా అక్షరం పేరు కాక శబ్దమే చెప్పించేది. అంతకు ముందే 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం పెట్టి, బెత్తం లేకుండా ఆటలతో కథలతో చదువు చెప్పారు. న్యాయవాది వృత్తి వదిలి పిల్లల్లో పడిన ఆయనను జనం 'మీసాల అమ్మ' అని పిలుచుకున్నారు. ఇది ఆడవాళ్ళ పని అని పేపరు వెనక దాక్కునే తాతగార్ల కోసం ఈ ముక్క చెబుతున్నాను!

పొద్దున్నే ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, గడికొక అక్షరం వేయండి. మీరు "పలక" అంటే వాడు 'ప' మీదికి గెంతాలి. ఆరు అక్షరాలు మించవద్దు. ప, ష, ఫ ఒకేసారి వేయకండి, మ, య కూడా అంతే. చూపుకు దగ్గరగా ఉన్నవి పిల్లలను తికమక పెడతాయి. వాడి పేరులో ఉన్న అక్షరం మాత్రం తప్పక ఉండాలి. దానిమీద ఎన్నిసార్లు గెంతినా వాడికి తనివితీరదు.

చింతగింజలు, గవ్వలు పోసి అక్షరాలు పేర్చడం మంచి ఆటే గాని, మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో దోపుకుంటారు. అంత చిన్నవాళ్ళకు పళ్ళెంలో పరచిన బియ్యం చాలు. అక్షరాభ్యాసంనాడు చేసినదాన్నే రోజూ చేసినట్లు.

మనుమలు విదేశాల్లో ఉన్నవారి బాధ వేరు. వారానికోసారి ఫోనులో ముఖం చూపిస్తారు. "బాగున్నావా?" "గుడ్" అన్న తరువాత రెండువైపులా మాట ఉండదు. పిల్లవాడికి తెలుగు రాదు, బామ్మకు ఆ ఇంగ్లీషు అందదు. అక్కడ ఈ ఆట పనికొస్తుంది. మీరు గరిటె చూపించి "గ" అనండి, వాడు తన ఇంట్లో 'గ' వెతికి గడియారమో, గంటో తేవాలి. వచ్చే వారం వాడు చూపించాలి, మీరు పరుగెత్తాలి. మోకాళ్ళనొప్పులున్నవారు వస్తువులు ముందే ఒళ్ళో పెట్టుకోండి. వారానికి నాలుగు మాటలైనా సరే, అవి వాడు మీతో మాట్లాడే మాటలవుతాయి.

మన సంగతి కూడా చూసుకోవాలి. కట్టుడుపళ్ళతో 'స' సరిగా పలకదు. వినికిడి యంత్రం ఉన్నవారు ఆట ముందు అది పెట్టుకోండి, బ్యాటరీ ఆదా చేయకండి. ఆ బొత్తాం బ్యాటరీలు మాత్రం పిల్లలకు అందనివ్వకండి. మింగితే ప్రాణానికే ముప్పు.

చివరిగా అన్నిటికంటె ముఖ్యమైనది. ఎన్నాళ్ళు ఆడినా పిల్లవాడు 'ప'కూ 'బ'కూ, 'త'కూ 'ద'కూ తేడా పట్టలేకపోతే "మొద్దు" అనకండి. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మెల్లగా రెండు మాటలు చెప్పి చూడండి. పెదవులు కనబడితేనే అర్థం చేసుకుంటూ, కనబడకపోతే తెల్లముఖం వేస్తుంటే చెవుల డాక్టరుకు చూపించాలి. జలుబు చేసి చెవిలో నీరు చేరడం ఆ వయసులో తరచు జరిగేదే, వైద్యం కూడా ఉంది. అమ్మానాన్నలు హడావిడిలో గమనించనిది, పదినిమిషాలు ఎదురుగా కూర్చున్న తాతకు తెలుస్తుంది. ఆ వారంలోనే తీసుకువెళ్ళండి, బడిలో చేర్చేదాకా ఆగకండి.

గరుకు అక్షరాల అట్టలు కొన్ని తెచ్చి ఆ బల్లమీద పెట్టాను. కాఫీకి వెళ్ళే ముందు కళ్ళు మూసుకుని ఒకసారి తడిమి చూడండి.