ఫాంటమ్ సింహాసనం పక్కన మనం

గ్రంథాలయంలో పిల్లల బీరువాకు తాళం పడనివ్వని మనిషి పేరున జరిగే సభ ఇది. బొమ్మల కథల గురించి మాట్లాడతానంటే ఇక్కడ ఎవరూ నొచ్చుకోరనే ధైర్యం ఉంది.

రచయిత లీ ఫాక్ 1936 ఫిబ్రవరిలో అమెరికా పత్రికల్లో ఫాంటమ్ బొమ్మల కథ మొదలుపెట్టాడు. నాలుగు వందల ఏళ్ల కిందట సముద్రపు దొంగలు తండ్రిని చంపేస్తే, ఒక తెల్ల యువకుడు ఒడ్డుకు కొట్టుకొస్తాడు. బాందర్ అనే పొట్టి మనుషుల తెగ అతన్ని బతికిస్తుంది. అప్పట్నుంచి తండ్రి తరవాత కొడుకు ఫాంటమ్ ముసుగు తొడుక్కుంటూ ఆ అడవికి తగవులు తీరుస్తుంటారు. ఇరవై ఒక్క తరాలు. అడవి బాందర్లది, విషపు బాణాలు బాందర్లవి, పుర్రె ఆకారపు గుహలో సింహాసనం మాత్రం బయటినుంచి వచ్చిన వాడిది. వలస పాలకులు తమ గురించి తాము చెప్పుకుని మురిసిన కథ అచ్చంగా ఇదే.

మన దేశంలో 1964లో ఇంద్రజాల్ కామిక్స్ మొదలైంది ఫాంటమ్‌తోనే. సంపాదకులు కథను అలాగే దించెయ్యలేదు. బెంగాల్ గుర్తొస్తుందని కాబోలు, ఫాంటమ్ ఉండే దేశం బెంగాలాను దెంకాలీ చేశారు. ఆ సముద్రపు దొంగలు, సింగ్ దొంగలు, సింగా దొంగలయ్యారు. ఇరవయ్యో ఫాంటమ్‌ను చంపిన రామా కాస్తా రామలు అయ్యాడు. (రాముణ్ణి తప్పించబోయి మన చెవికి రాములవారినే తెచ్చిపెట్టారు, పాపం.)

ఈ దిద్దుబాట్లు వరసపెట్టి చూడండి. మనకు గుచ్చుకునే ముళ్లన్నీ ఏరేశారు. బాందర్లు మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే, సింహాసనం చుట్టూ నిలబడ్డారు. స్వాతంత్ర్యం వచ్చి పదిహేడేళ్లయిన దేశంలో పిల్లలం ఆ పుస్తకాలు పట్టుకుని ఎటువైపు కూర్చున్నాం? ముసుగువాడి వైపే. నన్ను కలవరపెట్టేది లీ ఫాక్ ఏం రాశాడన్నది కాదు, మనం అంత సులువుగా అటు ఎలా చేరిపోయామన్నది.

నిజానికి ఫాక్ మారాడు. ఆఫ్రికా దేశాలు స్వతంత్రమవుతున్న కాలానికి బెంగాలాకు లువాగా అనే నల్లజాతి అధ్యక్షుణ్ణి ఎన్నికల ద్వారా తెచ్చాడు. బెల్జియంలో టిన్‌టిన్ బొమ్మల కథలు గీసిన హెర్జే దిద్దుకున్న తీరు వేరు. 1930–31లో వచ్చిన టిన్‌టిన్ కాంగో కథలో హీరో అక్కడి పిల్లలకు మీ దేశం బెల్జియం అని పాఠం చెబుతాడు. 1946లో రంగుల్లో మళ్లీ గీసినప్పుడు ఆ పాఠం పోయి లెక్కల పాఠం వచ్చింది. పాఠం మారింది గాని, కాంగో మనుషుల్ని వెటకారంగా గీసిన తీరు పెద్దగా మారలేదు. ఆ పుస్తకాన్ని నిషేధించమని బ్రస్సెల్స్‌లో ఒక కాంగో పౌరుడు కోర్టుకెళ్తే, 2012లో కోర్టు కుదరదంది. ఆయన బాధ న్యాయమైందే. అయినా తీర్పు సరైనదనే నా అభిప్రాయం. పుస్తకం కనబడకుండా పోతే, అలా గీశారనడానికి సాక్ష్యం కూడా పోతుంది.

గుట్టుచప్పుడు కాకుండా దిద్ది అమ్మడం మాత్రం నాకు నచ్చదు. పాత కామిక్స్ మళ్లీ వేస్తున్న ప్రచురణకర్తలకు ఒక విన్నపం: ప్రతి కథకూ అది మొదట వచ్చిన సంవత్సరం వెయ్యండి, ఇక్కడ ఏ పేరు మార్చారో ఎందుకు మార్చారో ఒక పేజీలో చెప్పండి. తల్లిదండ్రులూ, పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోకండి. ఈ కథ ఒక బాందర్ పిల్లాడు చెబితే ఎలా ఉంటుందో వాళ్లనే చెప్పమనండి.