అంధుల కొరకా, అంధులదా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉపన్యాసమిమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వద్దన్నాము. మాది మెట్రిక్యులేషను చదువు. టిక్కెట్టిచ్చుట, సాయంకాలము క్యాషు లెక్క చూచుకొనుట తప్ప సభలో నిలబడుట మాకలవాటు లేదు. "మీకు తెలిసిన సంగతే చెప్పండి" అన్నారు. మాకు తెలిసిన సంగతి ఒకటి వున్నది. అది మేము చేసిన ఒక పొరపాటుతో మొదలగును.

కొన్నేండ్ల క్రిందట ఒక చిన్న స్టేషనులో బుకింగు కౌంటరులో కూర్చుండియుండగా తెల్లకర్ర పట్టుకొని ఒక పెద్దాయన వచ్చినారు. ప్రక్కన పద్దెనిమిదేండ్ల కుర్రవాడు. మేము కుర్రవాని వైపు చూచి, "ఏమయ్యా, ఈయన ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగినాము. వాడు నోరు విప్పక ముందే పెద్దాయన కిటికీ దగ్గరకు వంగి, "టిక్కెట్టు నాది బాబూ. ఈడు నా మేనల్లుడు. నేను ఈడి ఎనకాల రాలేదు, ఈడే నాతో వస్తన్నాడు. నన్నే అడుగు" అన్నారు. ఇచ్ఛాపురం వైపు మాట.

విజయవాడకు ఇద్దరికి టిక్కెట్లు కావలె. ఆయన రాయితీ పత్రము లోపలికి అందించినారు. మేము ఆయనకు రాయితీ వేసి, మేనల్లునికి పూర్తి ఛార్జి కట్టి మొత్తము చెప్పినాము. ఆయన డబ్బు తీయలేదు. "చూపు పూర్తిగా లేనోడికి సెకండు క్లాసులో, స్లీపర్లో నూటికి డెబ్బై అయిదు రాయితీ. తోడొచ్చినోడికీ అంతే. నీ పుస్తకంలో వుంటాది, చూడు బాబూ" అన్నారు. చూచినాము. వున్నది. రెండు కళ్ళతో దినమూ ఆ పుస్తకము ముందు కూర్చుండువారము మేము. దానిని కంఠతా పట్టినవారు ఆయన.

బండి ముప్పావు గంట ఆలస్యము. టీ తెప్పించి మాట కలిపినాము. ఆయన తమ ప్రాంతములో అంధులు పెట్టుకొన్న ఒక సంఘమునకు కార్యదర్శి. విజయవాడలో సభ వున్నదట. పింఛనులు, సర్టిఫికెట్లు, పిల్లల చదువు గురించి అర్జీలు వ్రాయించుకొని వెళ్ళుచున్నారు. "మాకు దుప్పట్లిచ్చే సంఘాలు చాలా వున్నాయి బాబూ. ఆటికి ప్రెసిడెంట్లు కళ్ళున్నోళ్ళు. మంచోళ్ళే. కానీ మాది అలాటిది కాదు. మాది మాదే" అన్నారు.

ఆ "మాది మాదే" అన్న మాట మమ్మును వదలలేదు. చిన్నప్పుడు బడిలో మాస్టరుగారు బెత్తము చేతబట్టుకొని విభక్తులు వల్లె వేయించెడివారు. కొఱకున్, కై – చతుర్థి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ – షష్ఠి. అప్పుడవి దేనికో తెలియలేదు. ఇరువదేండ్ల తరువాత ప్లాటుఫారము మీద తెలిసినది. "అంధుల కొరకు సంఘము" అన్నది చతుర్థి. "అంధుల యొక్క సంఘము" అన్నది షష్ఠి. మొదటి దానిలో అంధుడు వరుసలో నిలబడి తీసుకొనువాడు. రెండవ దానిలో బల్లకు ఇవతల కూర్చుండి తీర్మానము వ్రాయించువాడు. మేము కుర్రవానిని అడిగిన ప్రశ్న చతుర్థీ విభక్తిలో వున్నది.

ఈ విభక్తి తగవు మన ఊరిది మాత్రమే కాదు. అంధులకు అక్షరములు వచ్చిన కథ చూడుడు. ప్యారిసులోని అంధుల పాఠశాలలో మొదట మామూలు రోమను అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తి వేళ్ళతో తడిమించెడివారు. చూపున్న ఉపాధ్యాయులకు అవి చదువుట సులభము, పిల్లలకు కష్టము. ఆ పాఠశాలలోనే చదివిన అంధుడు లూయీ బ్రెయిలు చుక్కల లిపిని కల్పించి 1829లో పుస్తకముగా వెలువరించినాడు. పిల్లలు దానిని ఇష్టపడినారు. అయినను ఆ పాఠశాల దానిని అధికారముగా అంగీకరించినది 1854లో; బ్రెయిలు చనిపోయి అప్పటికి రెండేండ్లు. వేళ్ళు వారివి, నిర్ణయము మరొకరిది! మన దేశములోను ప్రాంతానికొక రకముగా వున్న బ్రెయిలు పద్ధతులను కలిపి 1951లో భారతీ బ్రెయిలు ఏర్పరచినారు. ఈనాడు మన తెలుగు పిల్లలు వేళ్ళతో చదువు అక్షరములు అవే. ఆ పనిలో పాల్గొన్నవారిలో కేంద్ర విద్యాశాఖలో పని చేసిన లాల్ అద్వానీగారు ఒకరు. ఆయన అంధులు.

అమెరికాలో 1940 నవంబరులో విల్క్స్‌బారీ అను పట్టణమున ఏడు రాష్ట్రములనుండి అంధులు కూడి జాతీయ అంధుల సమాఖ్యను స్థాపించినారు. నాయకుడు జేకబస్ టెన్‌బ్రోక్. ఏడేండ్ల వయసులో బాణము తగిలి ఒక కన్ను పోయినది, కొన్నేండ్లకు రెండవదీ పోయినది. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడైనాడు. వారి సమాఖ్య పేరులోనే "యొక్క" వున్నది, "కొరకు" లేదు. అది కావలెనని పెట్టుకొన్నదే. 1964లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది, ఆయనయే తొలి అధ్యక్షుడు. తరువాత దానికి అధ్యక్షురాలైనవారిలో కరాచీ డాక్టరు ఫాతిమా షా ఒకరు. నడివయసులో చూపు కోల్పోయి, ఇంట కూర్చుండక, 1960లో పాకిస్తాను అంధుల సంఘమును స్థాపించిన మహిళ ఆమె. చివరకు 1984లో రియాద్ నగరమున "కొరకు" వారూ "యొక్క" వారూ కలసి ప్రపంచ అంధుల సమితిగా ఏర్పడినారు. కలియుటకు ఇరువదేండ్లు పట్టినది.

మన దేశములో జాతీయ అంధుల సమాఖ్య 1970లో పుట్టినది. వారు మొదట అడిగినది దుప్పట్లు కాదు, ఉద్యోగములు. 1980 మార్చి 16న ఢిల్లీలో ఉద్యోగములు కోరి ఊరేగిన అంధులపై పోలీసులు లాఠీలు ప్రయోగించినారు. ఎదుటనుండి వచ్చు దెబ్బ కనబడనివారిపై లాఠీ! ఆ రోజున దేశము సిగ్గుపడినది. పదునైదేండ్ల తరువాత 1995 చట్టములో వికలాంగులకు నూటికి మూడు ఉద్యోగములు, అందులో ఒకటి చూపు లేనివారికి, అని వ్రాసినారు. వ్రాసినంత మాత్రమున వచ్చునా? లెక్క దగ్గర మెలిక వేసినారు. లెక్క మా విద్య కనుక కొంచెము వివరింతుము.

ఒక శాఖలో పై తరగతి ఖాళీలు వంద వున్నవనుకొనుడు. అందులో వికలాంగులకు తగినవని అధికారులు గుర్తించినవి పది. వందకు మూడు చొప్పున కట్టిన ముగ్గురికి ఉద్యోగము వచ్చును. పదికి కట్టిన వచ్చునది దశాంశము మూడు – మనిషిలో మూడవ వంతుకు కూడా తక్కువ. ఏళ్ళ తరబడి ఈ రెండవ లెక్కయే నడిచినది. సమాఖ్య కోర్టుకెక్కినది. 2008లో ఢిల్లీ హైకోర్టులో గెలిచినది. ప్రభుత్వము అప్పీలు చేసినది. 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు మొదటి లెక్కయే సరియైనదని తీర్పు చెప్పినది. సమాఖ్య పక్షమున వాదించిన సీనియర్ న్యాయవాది ఎస్.కె. రుంగ్టాగారికి చూపు లేదు. 2016 చట్టముతో ఆ మూడు నాలుగైనది. ఈనాడు ప్రభుత్వ కార్యాలయములో తెల్లకర్రతో ఒక కొత్త ఉద్యోగి కనబడిన, ఆ కుర్చీ వెనుక ఎవరి దయయో లేదు, ఈ లెక్క వున్నది.

చట్టసభలోనూ వారు కూర్చున్నారు. మన బండ్లన్నీ పోవు హౌరా వైపు చూడుడు. మశూచికము వలన బాల్యములోనే చూపు పోయిన సాధన్ గుప్తాగారు 1953 ఉప ఎన్నికలో కలకత్తా నుండి గెలిచి లోక్‌సభలో అడుగు పెట్టినారు. తరువాత పశ్చిమ బెంగాలుకు అడ్వకేటు జనరల్ అయినారు. ఇటు మన తెలుగు వైపున మచిలీపట్నం దగ్గర సీతారామపురములో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారిది నిన్న మొన్నటి కథ. పదవ తరగతి తరువాత సైన్సు చదువ వీలు లేదన్నారు. ఆ కుర్రవాడు కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకొన్నాడు. అమెరికాలో ఎం.ఐ.టి. చదువు ముగించి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ అను పరిశ్రమను స్థాపించి వికలాంగులకు పని ఇచ్చినాడు. ఆయన మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చినది. మన ఇండ్లలో చూచినవారు వుందురు. చూచి కండ్లు తుడుచుకొన్నాము. కండ్లు తుడుచుకొనుట మనకు బాగా వచ్చును.

ఇంక మనమున్న రంభకు వత్తము. ఈ చిల్క ఒడ్డున వున్న రాజభవనము మీ అందరికీ తెలుసును. 1903 ప్రాంతమున అక్కడ ఖల్లికోట రాజావారి వద్ద ఒడియా పెద్దలు చేసిన ఆలోచన నుండి ఉత్కళ సమ్మిళని పుట్టినదని చెప్పుదురు. ఆ ఏడు డిసెంబరులో కటకములో తొలి సభ జరిగినది. అప్పుడు గంజాము మద్రాసు రాజధానిలో వుండెడిది. ఇక్కడి కచేరీలలో గుమాస్తాలు ఎక్కువగా మనవారు. ఒడియావారి మాటను మనవారే విని, మనవారే వ్రాసి, మనవారే పైకి పంపెడివారు. మా మాట మేము చెప్పుకొందుమని వారన్నారు. 1936 ఏప్రిలు 1న వారికి రాష్ట్రము వచ్చినది, గంజాము అందులో చేరినది. ఆ తరువాత మనము కొద్దిమంది అయినాము. మన పిల్లల తెలుగు గురించి ఎవరైన మనలను అడుగక నిర్ణయించిన మనకు కోపము వచ్చుచున్నది. రావలసినదే. అందుకే గదా ఈ సంఘము పెట్టుకొన్నాము. "తెలుగువారి కొరకు" అని మరెవరో పెట్టి నడుపుచుండిన మనము చందా ఇత్తుమా?

ఒడియా సోదరులకు భీమభోయి అన్న పేరు పూజ్యము. పందొమ్మిదవ శతాబ్దపు కవి, మహిమ ధర్మమును పల్లెపల్లెకు చేర్చినవాడు. ఆయన అంధుడని జనము నమ్మిక. పండితులలో భేదాభిప్రాయములున్నవి, ఆ తగవు మాకెందుకు? ఖలియాపాలిలో ఆయన చుట్టూ ఒక సమాజమే ఏర్పడినది. ఆయన దానిని నడిపినాడు. ఆయన పేరుతో ఈనాడు ప్రభుత్వము వికలాంగులకు సామర్థ్య శిబిరములు జరుపుచున్నది. సర్టిఫికెట్లు, మూడు చక్రముల బండ్లు ఇత్తురు. మంచి పనియే. కాని నడిపినవాని పేరు పెట్టి, వచ్చినవారిని వరుసలో నిలబెట్టుట చూచిన మాకు మాస్టరుగారి బెత్తము జ్ఞాపకము వచ్చును. మన విజయనగరములో చూపు మందగించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1936లో సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. ఆయనకు ఎవరూ దుప్పటి కప్పలేదు, కళాశాల అప్పగించినారు.

మన సామెతలు మాత్రము మారలేదు. "గుడ్డెద్దు చేలో పడినట్లు" అందుము. "గుడ్డి కన్న మెల్ల మేలు" అందుము. మేమూ అన్నవారమే.

ఇప్పుడు చెప్పవలసిన అసలు సంగతి. మన సంఘములో ప్రతి ఉగాదికి అంధులకు వస్త్రదానము చేయుచున్నాము. ఈ ఉదయమూ జరిగినది. ఫోటోలు తీసినారు. వస్త్రములు తీసుకొన్నవారిలో మన సభ్యులే ఒకరున్నారు. చందా తప్పక కట్టు సభ్యులు. పోయినేడు వారు సహాయ కోశాధికారి పదవికి నిలబడుదునన్నారు. కార్యవర్గములో మేమూ వున్నాము. "పాపం, ఆయనకెందుకు శ్రమ" అని ఒకరన్నారు. "ఖాతా పుస్తకము ఎట్లు చూచును?" అని ఇంకొకరన్నారు. ఆ రెండవ మాట అన్నది మేమే. ఇచ్ఛాపురం పెద్దాయన దగ్గర పాఠము నేర్చుకొన్నామని ఇంతసేపు చెప్పినవారమే, పోయినేడు ఆ మాట అన్నాము. కాగితము వెనుకకు ఇచ్చివేసినాము. ఆయన ఏమీ అనలేదు. ఈ ఉదయము పంచె తీసుకొని, "థాంక్సండి" అన్నారు. మాకు ముఖము చెల్లలేదు.

ఖాతా సంగతి ఆలోచించినాము. ఇప్పుడు మన ఖాతా ఒకరు వ్రాయుదురు, ఆ ఒకరే చదువుదురు. సాంవత్సరిక సభలో గడగడ వినిపించుచుండగా మనము పులిహోర ఎప్పుడు వచ్చునాయని చూచుచుందుము. చూపు లేనివారు ఆ పదవిలో వున్న, ప్రతి పద్దును పైకి చదివించుకొని వినవలె. అనగా ఇద్దరికి తెలిసి తీరును. ఇక ఈనాటి సెల్‌ఫోను తెలుగులో చదివి వినిపించుచున్నది. ఆయన ఫోను అట్లే మాట్లాడుచున్నది, బండి ఎక్కడ వున్నదో మాకంటె ముందు ఆయనకే తెలియుచున్నది. సంతకము సంగతి అందురా, ఆయన బ్యాంకులో పెట్టుచున్న సంతకము మన రసీదు మీద పనికిరాకపోదు. తప్పు లెక్క పట్టుకొనుటకు కండ్లు అక్కరలేదని మాకు ఒక కౌంటరు దగ్గర అనుభవమైనది.

ఎన్నిక సాయంకాలము ఆరు గంటలకు వున్నది. మధ్యాహ్నము భోజనముల దగ్గర ఆయనను మళ్ళీ నిలబడుదురా అని అడిగినాము. ఈసారి ప్రక్కనున్న వారి అబ్బాయిని కాదు, ఆయననే అడిగినాము. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "బలపరిచేవాళ్ళు ఎవరండీ?" అన్నారు. కాగితము మా జేబులోనే వున్నది. బలపరచువారి గడిలో మేము సంతకము చేసినాము. ప్రతిపాదించువారి గడి ఇంకా ఖాళీగా వున్నది. కలము కూడా తెచ్చినాము.